పెరోల్ ఇవ్వలేదు, ఫెడరల్ కోర్టులో హెబియస్ కార్పస్ వేస్తే తమ్ముడు బయటికి వస్తాడా?

తెనాలి అక్క
2025 జూలై 12

నమస్కారం అండీ. మా ఇంటి విషయం ఒకటి పదిహేనేళ్లుగా దగ్గరి బంధువులకు కూడా పూర్తిగా చెప్పలేదు. ఇక్కడ పేరు చెప్పనక్కర్లేదు కాబట్టి రాస్తున్నాను. కాస్త పొడవుగా ఉంటుంది, ఓపిక పట్టండి.

మాది తెనాలి. నేను పెళ్లయి కాలిఫోర్నియా వచ్చి ఇరవై రెండేళ్లు అవుతోంది. తమ్ముడు 2005లో కంప్యూటర్ ఉద్యోగం మీద వచ్చాడు. 2007లో తాగి కారు నడుపుతూ ఒకసారి పట్టుబడ్డాడు. జరిమానా కట్టాడు, తరగతులకు వెళ్లాడు. ఆ కేసులో వాడిచేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. మళ్లీ తాగి నడిపి ఎవరి ప్రాణమైనా తీస్తే హత్య కేసు పెట్టవచ్చని నాకు తెలియజేశారు, అని అందులో ఉంది. 2009లో మళ్లీ తాగి నడిపాడు. రోడ్డు దాటుతున్న ఒకావిడ చనిపోయింది. ఆవిడకు ఇద్దరు చిన్నపిల్లలు. ఆ సంతకాన్నే ముందు పెట్టి సెకండ్ డిగ్రీ హత్య రుజువు చేశారు. 2010లో శిక్ష పడింది. కనీసం పదిహేనేళ్లు, గరిష్ఠం యావజ్జీవం. మధ్యలో ఎప్పుడు వదలాలో పెరోల్ బోర్డు తేలుస్తుంది.

వాడు చేసింది చిన్న తప్పని చెప్పడానికి నేను ఇది రాయడం లేదు. ఆ పిల్లల్లో పెద్దమ్మాయి ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటోంది, పెరోల్ విచారణకు వచ్చి మాట్లాడింది. ఆ అమ్మాయి మాటలు రాతప్రతిలో ఆరు పేజీలు ఉన్నాయి. రెండుసార్లు మధ్యలో ఆపేశాను. మూడోసారి చివరిదాకా చదివాను.

మొదటి విచారణ 2021లో అయింది, మూడేళ్ల తర్వాత మళ్లీ చూస్తామన్నారు. రెండోది 2024 సెప్టెంబరు 18న వీడియోలో జరిగింది. వాడు జైల్లో ఒక గదిలో కూర్చున్నాడు, ఇద్దరు కమిషనర్లు తెర మీద ఉన్నారు. మళ్లీ మూడేళ్లు అన్నారు. కారణం 'ఇన్‌సైట్' లేకపోవడమట. అంటే తాను ఆ పని ఎందుకు చేశాడో తనకే ఇంకా తెలియలేదు, కాబట్టి బయటికి వస్తే ప్రమాదం అని. ఇన్నేళ్లలో వాడి మీద ఒక్క క్రమశిక్షణ చర్య లేదు. 2012 నుంచి తాగుడు మానాలనుకునేవాళ్ల ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలకు వెళ్లడం మానలేదు. జైలు సైకాలజిస్టు కూడా ముప్పు తక్కువ అనే రాశారు.

నాకు నిద్ర పట్టనివ్వనిది 63వ పేజీ. ఆ రాత్రి ఏం జరిగిందో నీ మాటల్లో చెప్పు అని అడిగారు. వాడు ఇంగ్లిషులోనే చెప్పాడు, కానీ తెలుగులో ఆలోచించి చెప్పాడు. తాగడం జరిగింది, బండి తీయడం జరిగింది, ఆవిడ ప్రాణం పోవడం జరిగింది, చాలా పెద్ద తప్పు జరిగిపోయింది. ఇంగ్లిషులో అన్నీ వాటంతటవే జరిగినట్టు వచ్చాయి. కమిషనర్ వెంటనే అడిగారు, జరిగిందా, ఎవరు చేశారు అని. వీడు కంగారుపడి నా వల్ల జరిగింది అన్నాడు. నిర్ణయంలో ఆ మాటలే ఎత్తి చూపించి, బాధ్యత తన మీద వేసుకోవడం లేదని రాశారు. తప్పు ఒప్పుకునేటప్పుడు మనం 'తప్పు జరిగింది' అనే కదండీ అంటాం? కాళ్ల మీద పడినప్పుడు కూడా 'తప్పయిపోయింది' అనే అంటాం. ఇది వాడి మనసు కాదు, మన భాష అని వాళ్లకు ఎవరు చెప్పాలి?

ఇప్పుడు అసలు సంగతి. ఖైదీలకు పిటిషన్లు రాసిపెట్టే ఒకాయన తెలిసినవారి ద్వారా దొరికాడు. లాయరు కాడు. ఫెడరల్ కోర్టులో హెబియస్ కార్పస్ వేస్తే, బోర్డు దగ్గర తగిన ఆధారం లేదని జడ్జి తేల్చి విడుదల చేయమంటాడని చెప్పాడు. రాష్ట్ర కోర్టులకు వెళ్లడం కాలం వృథా, నేరుగా పైకి వెళ్దాం అన్నాడు. 3,500 డాలర్లు ఇచ్చాం. నలభై పేజీల పిటిషన్ పంపించాడు, సంతకం పెట్టడమే మిగిలింది. నిజంగా ఫెడరల్ కోర్టు వాణ్ణి వదిలిపెట్టమని చెబుతుందా? వాడికి బదులు అక్కగా నేను సంతకం పెట్టవచ్చా? దీనికి గడువు ఏమైనా ఉందా? ఇప్పటికే పది నెలలు అయిపోయాయి. అమ్మ తెనాలిలో ఒక్కతే ఉంటోంది. ప్రతి ఆదివారం ఫోను చేసి అడిగేది ఒక్కటే, కోర్టులో వేశారా అని.


గుంటూరు వకీలు
2025 జూలై 12

అమ్మా, గుంటూరులో ముప్పై ఏళ్లు క్రిమినల్ కేసులు వాదించి మానుకున్నవాణ్ణి. అక్కడి చట్టం సంగతి అక్కడివారు చెబుతారు. మీ అమ్మగారికి వివరించేటప్పుడు పనికొస్తుందని మాటల తికమక ఒకటి విడదీస్తాను.

మన దగ్గర పెరోల్ అంటే జైలు నుంచి సెలవు. కూతురి పెళ్లికో తండ్రి కర్మకో వచ్చి, గడువు తీరాక మళ్లీ లోపలికి వెళ్లాలి. అమెరికాలో ఆ మాటకు అర్థం వేరు. శిక్షలో మిగిలిన భాగాన్ని షరతులతో బయట గడపడం. మన చట్టంలో దానికి దగ్గరగా ఉండేది రెమిషన్, ముందస్తు విడుదల. హెబియస్ కార్పస్ కూడా అంతే. పోలీసులు ఎత్తుకుపోయిన మనిషిని కోర్టు ముందు నిలబెట్టమని హైకోర్టులో రాజ్యాంగం 226వ అధికరణం కింద వేసే రిట్ అని మనకు తెలుసు. సరైన కోర్టు శిక్ష వేసిన మనిషికి ఇక్కడ ఆ రిట్ మామూలుగా పనిచేయదు. అక్కడ శిక్ష పడ్డ ఖైదీలు కూడా అదే పేరుతో ఫెడరల్ కోర్టుకు వెళ్తారు. అందుకే మీ అమ్మగారు 'హెబియస్ వేశారు' అని వింటే రేపే వదులుతారని అనుకోవచ్చు. ఆ ఆశ కలగకుండా చూడండి.

యావజ్జీవం అంటే పద్నాలుగేళ్లే కదా, ఇన్నేళ్లెందుకు ఉంచారు అని బంధువులెవరైనా అంటే, అది ఇక్కడ కూడా నిజం కాదని చెప్పండి. యావజ్జీవం అంటే బతికినంత కాలమని మన సుప్రీంకోర్టు 1961లోనే గోపాల్ గోడ్సే కేసులో చెప్పింది. పద్నాలుగేళ్లన్నది హత్యవంటి కేసుల్లో ప్రభుత్వం విడుదల చేయడానికి ముందు గడవాల్సిన కనీస కాలం మాత్రమే.


శాక్రమెంటో ఫైళ్లు
2025 జూలై 13

అండీ, ఆ పిటిషన్ మీద మీ తమ్ముడిచేత సంతకం పెట్టించకండి. జైలుకు పంపేసి ఉంటే పోస్టులో వేయవద్దని ఈ రోజే చెప్పండి.

యావజ్జీవ ఖైదీల కేసులు చూసే ఒక లాయరు దగ్గర పదకొండేళ్లు పారాలీగల్‌గా, అంటే కేసు కాగితాలు చూసే సహాయకుడిగా పనిచేశాను. మీరు చెప్పిన వాదన నా చేతుల మీదుగా ఎన్నోసార్లు టైపయింది. ఆయన చెప్పింది ఒకప్పుడు నిజమే. కాలిఫోర్నియా ఖైదీలు బోర్డు నిర్ణయానికి ఆధారం లేదంటూ ఫెడరల్ కోర్టుకు వెళ్లేవారు, కాలిఫోర్నియా మీద అధికారం ఉన్న ఫెడరల్ అప్పీల్ కోర్టు, నైన్త్ సర్క్యూట్, ఆ ఆధారాన్ని తూచి చూసేది, కొందరు గెలిచారు కూడా. 2011 జనవరి 24న ఆ తలుపు మూసుకుపోయింది. స్వార్త్‌అవుట్ వర్సెస్ కుక్ అనే కేసు. అందులో ఇద్దరు ఖైదీలు. కుక్ అనే అతనికి 2002లో బోర్డు పెరోల్ నిరాకరించింది. క్లే అనే అతనికి 2003లో బోర్డు ఒప్పుకుంటే గవర్నరు కాదన్నాడు. ఇద్దరూ నైన్త్ సర్క్యూట్‌లో గెలిచారు. అమెరికా సుప్రీంకోర్టు ఆ రెండు తీర్పులనూ కొట్టేసింది. ఒక్క న్యాయమూర్తి కూడా విభేదించలేదు.

ఆ తీర్పు సారం మీ తమ్ముడికి ఇలా చెప్పండి. శిక్షాకాలం పూర్తికాకముందే విడుదల కావడం రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదు. ఆ మాట 1979లో నెబ్రాస్కా ఖైదీల కేసులో, గ్రీన్‌హోల్ట్జ్ తీర్పులోనే చెప్పారు. రాష్ట్ర చట్టం పెరోల్ మీద న్యాయమైన ఆశ కల్పిస్తే, కాలిఫోర్నియా చట్టం కల్పిస్తుంది, అప్పుడు ఫెడరల్ కోర్టు చూసేది రెండే. ఖైదీని మాట్లాడనిచ్చారా? కాదన్నప్పుడు ఎందుకో చెప్పారా? ఈ రెండూ జరిగితే ఫెడరల్ కోర్టు పరిశీలన అక్కడితో సరి. కారణం సరైనదా, ఆధారం చాలిందా, మాటను అపార్థం చేసుకున్నారా అన్నవి అది అడగదు. అవి రాష్ట్ర చట్టానికి సంబంధించిన ప్రశ్నలు. రాష్ట్ర చట్టంలో పొరపాటును సరిదిద్దడం ఫెడరల్ హెబియస్ పని కాదు.

మీ తమ్ముడు మాట్లాడాడు. 63వ పేజీయే అందుకు సాక్ష్యం. కారణాలు కూడా చెప్పారు. మీ బాధంతా ఆ కారణాల మీదే. అందుకే ఈ పిటిషన్ మెజిస్ట్రేట్ జడ్జి ముందుకు వెళ్తే, అవతలివారిని జవాబు కూడా అడగకుండానే కొట్టేసే అవకాశం ఎక్కువ. అలా కొట్టేసిన ఉత్తర్వులు ఎన్ని ఫైలు చేశానో లెక్కలేదు. రెండు మూడు పేజీలు ఉంటాయి. ఇంటివాళ్లు ఫోనులో అడిగేది ఎప్పుడూ ఒకటే: వాళ్లు అసలు చదివారా అని. చదివారు. చదవాల్సినంతే చదివారు.

ఒక పని చేయండి. ఆ నలభై పేజీల్లో ఉదహరించిన తీర్పుల పక్కన సంవత్సరాలు చూడండి. అన్నీ 2011కు ముందువే అయితే ఆ పిటిషన్ ఎప్పటిదో, ఎవరిదో తెలిసిపోతుంది.

రాష్ట్ర కోర్టుల సంగతి ఇంకా ముఖ్యం. అవి వృథా అనడం మీకు చేసిన అసలు నష్టం. ఫెడరల్ కోర్టు ఈ పిటిషన్‌ను ముట్టుకోవాలంటేనే, అదే వాదనను ముందు రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లి ఉండాలి. నేరుగా వెళ్తే ఆ ఒక్క కారణం మీదే వెనక్కి పంపుతారు. పైగా, మీరు అడగాలనుకున్న ప్రశ్నను అడిగేది రాష్ట్ర కోర్టు ఒక్కటే. 2008లో లారెన్స్ అనే స్త్రీ కేసులో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, ఎప్పుడో 1971లో చేసిన నేరం ఘోరమైనదన్న ఒక్క మాటతో పెరోల్ ఆపలేరని, ఆ మనిషి ఈ రోజు ప్రమాదకరమని చూపే ఆధారం కొంతైనా ఉండాలని చెప్పింది. ఆమె విడుదలైంది. అయితే అదే రోజుల్లో షపూటిస్ అనే అతని కేసులో, తన నేరం తనకు అర్థం కాకపోవడమూ అలాంటి ఆధారమే అంది. మీ తమ్ముడి కేసు ఈ రెండింటి మధ్య ఉంది, రెండోదానికే కొంచెం దగ్గరగా ఉంది. దాచకుండా చెబుతున్నాను. గెలిచినా మామూలుగా వచ్చేది కొత్త విచారణే, విడుదల ఉత్తర్వు కాదు.

శిక్ష వేసిన కౌంటీ సుపీరియర్ కోర్టులో మొదలుపెట్టాలి, జైలు ఉన్న కౌంటీలో కాదు. అక్కడ కాదంటే అప్పీల్ కోర్టులో మళ్లీ కొత్త పిటిషన్, తర్వాత రాష్ట్ర సుప్రీంకోర్టులో ఇంకోటి. ఒక్కో మెట్టుకూ మధ్య 120 రోజులు మించకుండా చూసుకుంటే ఆలస్యం అనే మాట రాదు. అది 2020లో రాష్ట్ర సుప్రీంకోర్టే తేల్చింది.

ఫెడరల్ గడువు ఏడాది. 1996 చట్టం పెట్టిన గడువు అది, చాలా కఠినంగా అమలు చేస్తారు. పెరోల్ విషయంలో నిర్ణయం తెలిసిన నాటి నుంచి మొదలవుతుంది. బోర్డు నిర్ణయం ఖరారు కావడానికి 120 రోజుల దాకా పడుతుంది కాబట్టి ఖరారైన రోజు నుంచి లెక్కించిన కోర్టులు ఉన్నాయి. ఆ లెక్కన మీకు 2026 జనవరి 16 దాకా ఉంటుంది. దాన్ని నమ్ముకోకండి. సెప్టెంబరు 18నే చివరి రోజుగా క్యాలెండర్ మీద గీసుకోండి. సక్రమంగా వేసిన పిటిషన్ రాష్ట్ర కోర్టుల్లో నడుస్తున్నంత కాలం ఆ గడియారం ఆగుతుంది. ఆగుతుందే కానీ మళ్లీ మొదటికి తిరగదు. అయిపోయిన పది నెలలు అయిపోయినట్టే.

సంతకం మీ తమ్ముడిదే ఉండాలి. చదవగలిగి, రాయగలిగి, మతిస్థిమితం ఉన్న ఖైదీకి బదులు అక్క సంతకం పెడితే కోర్టు తీసుకోదు. ప్రతివాదిగా జైలు వార్డెన్ పేరు రాయాలి. చాలామంది బోర్డు పేరో గవర్నరు పేరో రాస్తారు. లాయరు లేకుండా తానే వేసుకునే ఖైదీకి ఒక వెసులుబాటు ఉంది. కాగితాలు జైలు సిబ్బంది చేతికి పోస్టు కోసం ఇచ్చిన రోజునే దాఖలైనట్టు లెక్క, 1988 నుంచీ అంతే. ఏ తేదీన ఇచ్చాడో రాసుకోమనండి. ఫెడరల్ హెబియస్ రుసుము ఎంతో తెలుసా? అయిదు డాలర్లు. 3,500 దేనికి తీసుకున్నాడో ఆయన్నే అడగండి.


డల్లాస్ వాణ్ణి
2025 జూలై 13

పైన రాసినవారికి కృతజ్ఞతలు. ఇది చదివే టెక్సాస్‌వాళ్ల కోసం ఒక మాట. ఇక్కడ ఆ రెండు ప్రశ్నలు కూడా లేవు. టెక్సాస్ చట్టం పెరోల్ మీద ఎలాంటి ఆశా కల్పించదని ఇక్కడి ఫెడరల్ అప్పీల్ కోర్టు, ఫిఫ్త్ సర్క్యూట్, 1997లోనే తేల్చింది. మా స్నేహితుడి అన్న విషయంలో ఇది చాలా ఆలస్యంగా తెలిసింది. కాలిఫోర్నియా తీర్పులు చూపించి ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

బోర్డు తప్పుడు పద్ధతిలో విచారణ జరిపిందంటే సివిల్ రైట్స్ దావా వేయవచ్చని విన్నాను. అక్కగారికి అది పనికొస్తుందా?


శాక్రమెంటో ఫైళ్లు
2025 జూలై 13

మీరు విన్నది నిజమే. విడుదల చేయమని కాకుండా, సరైన పద్ధతిలో విచారణ జరపమని అడిగేవారికి ఆ దారి ఉందని 2005లో ఒహాయో ఖైదీల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నైన్త్ సర్క్యూట్ 2016లో ఇంకో అడుగు వేసి, గెలిచినా విడుదల తప్పనిసరిగా దగ్గరపడని వాదన అసలు హెబియస్ కిందికే రాదంది. కానీ దానికీ రాజ్యాంగ ఉల్లంఘన ఒకటి చూపాలి. మాట్లాడనివ్వలేదనో, ఫైలు చూపించలేదనో, మతాన్ని బట్టి కాదన్నారనో ఉండాలి. ఉదాహరణకు, దేవుణ్ణి నమ్మమనే సమావేశాలకు వెళ్లి తీరాలని పెరోల్ మీద ఉన్న ఒక బౌద్ధుణ్ణి బలవంతపెట్టడం తప్పని 2007లో నైన్త్ సర్క్యూట్ అంది. అక్కగారి తమ్ముడు ఇష్టపడే వెళ్తున్నాడు. ఆ దారి ఆయనది కాదు.


తెనాలి అక్క
2025 జూలై 16

మీరు చెప్పినట్టే చూశాను. నలభై పేజీల్లో ముప్పై ఒక్క తీర్పులు ఉన్నాయి. అన్నిటికంటే కొత్తది 2010. ఇరవై ఏడో పేజీలో ఒకచోట మా తమ్ముడి పేరుకు బదులు ఇంకెవరిదో పేరు ఉంది, మార్చడం మరిచిపోయినట్టున్నాడు. ఆ పేరు చూశాక చాలాసేపు ఏమీ తోచలేదు. ఆ మనిషికీ ఒక అక్క ఉండే ఉంటుంది, ఆమె కూడా డబ్బు కట్టే ఉంటుంది.

తమ్ముడికి ఫోనులో చెప్పాను. ఇప్పుడు జైలు ఫోన్లకు డబ్బు లేదు కానీ పదిహేను నిమిషాలకు ఆగిపోతాయి, అందుకని రెండుసార్లు చేయించుకున్నాను. వాడు అరవలేదు, ఏడవలేదు. "అయితే వాళ్లను ఒప్పించాల్సింది నేనే కదక్కా" అన్నాడు.

రాష్ట్ర కోర్టు కోసం ఇక్కడ ఒక లాయరుతో మంగళవారానికి సమయం తీసుకున్నాను. ఇంకో రెండు విషయాలు అడగాలి. 2027 దాకా ఆగాల్సిందేనా? వాడికి గ్రీన్‌కార్డు ఉండేది. పెరోల్ ఇచ్చినా ఇండియాకు పంపేస్తారంటున్నారు, అది బోర్డు దగ్గర మంచిదా చెడ్డదా?


శాక్రమెంటో ఫైళ్లు
2025 జూలై 16

ముందు ఒక మంచి మాట. మూడేళ్లన్నది బోర్డు వేయగల అతి తక్కువ గడువు. 2008 నవంబరులో ఓటర్లు ఆమోదించిన మార్సీస్ లా ప్రకారం మూడు, అయిదు, ఏడు, పది, పదిహేను, ఇవే మెట్లు. చట్టం పదిహేనుతో మొదలుపెట్టమంటుంది, తగ్గించడానికి బోర్డు కారణం వెతుక్కోవాలి. రెండుసార్లూ మూడే వేశారంటే మీ తమ్ముడు గుమ్మం దాకా వచ్చాడని వాళ్లకూ తెలుసు. ఇంటివాళ్లకు ఇది ఎవరూ చెప్పరు.

2027 దాకా ఆగనక్కర్లేదు. పరిస్థితి మారిందనో కొత్త సమాచారం ఉందనో చూపి, విచారణ ముందుకు జరపమని బోర్డునే అడగవచ్చు. మూడేళ్లలో ఒక్కసారే అవకాశం, కాబట్టి తొందరపడి వాడుకోకండి. చేతిలో కొత్తది ఏదైనా ఉన్నప్పుడు వేయండి.

ఆ కొత్తది ఏమిటన్నదే మీ 63వ పేజీ. తప్పుగా అనుకోకండి. 'జరిగింది' అన్నది మన భాష అన్నారు. నిజమే, నేనూ బాపట్లలో పుట్టినవాణ్ణే, మా ఇంట్లో గ్లాసు పగిలినా 'పగిలిపోయింది' అనేవాళ్లం. కానీ ఆ కమిషనర్ అడిగింది వ్యాకరణం కాదు. 2007లో సంతకం పెట్టిన మనిషి, రెండేళ్ల తర్వాత తాళంచెవి చేతిలోకి తీసుకున్నప్పుడు తనకు తాను ఏం చెప్పుకున్నాడు? ఇంతేగా దూరం అనుకున్నాడా? నేను మత్తులో లేను అనుకున్నాడా? ఏదో ఒకటి అనుకునే ఉంటాడు. దాన్ని ఆయన ఇన్నేళ్లలో పైకి అన్నాడా?

మా ఆఫీసులో ఒక పెద్దాయన ఫైలు ఉండేది, ముప్పై ఒక్క ఏళ్లు లోపల ఉన్నాడు. మూడు విచారణల్లో 'గొడవ పెద్దదైపోయింది' అన్నాడు. మా లాయరమ్మ ఆయనకు ఒక నోటుపుస్తకం ఇచ్చి, ఆ రోజు పొద్దున్న లేచినప్పటి నుంచి ప్రతి వాక్యం 'నేను' తో మొదలుపెట్టి రాయమంది. పది పేజీలు రాయడానికి నాలుగు నెలలు పట్టింది. ఒక పేజీలో ఒకే వాక్యం ఉంది, దాన్ని ఏడుసార్లు కొట్టేసి రాశాడు. ఎనిమిదోసారి రాసినది 'నేను వెనక్కి వెళ్లి కత్తి తెచ్చాను' అని. నాలుగో విచారణలో ఆయనకు పెరోల్ వచ్చింది. మీ తమ్ముణ్ణి తెలుగులోనే రాయమనండి. తెలుగులో 'నేను చంపాను' అని రాయగలిగితే ఇంగ్లిషులో చెప్పడం కష్టం కాదు. విచారణకు దుబాసీని అడిగే హక్కు ఉంది, కానీ 'జరిగింది' అంటే దుబాసీ కూడా 'జరిగింది' అనే అనువదిస్తాడు.

ఇండియా సంగతి. హత్య నేరం ఉన్నవారిని గ్రీన్‌కార్డు ఉన్నా పంపించేయవచ్చు. విడుదలైన రోజున ఇమిగ్రేషన్ అధికారుల చేతికి వెళ్లే అవకాశమే ఎక్కువ. బోర్డు దాన్ని మంచిగానో చెడుగానో చూడదు, ఎక్కడ ఎలా బతుకుతాడని అడుగుతుంది. కాబట్టి రెండు ప్రణాళికలు కావాలి, ఒకటి కాలిఫోర్నియాకు, ఒకటి తెనాలికి. రెండోదాంట్లో చాలామంది 'అమ్మ దగ్గర ఉంటాడు' అని ఒక్క వాక్యం రాసి వదిలేస్తారు. ఇల్లు ఎక్కడ, పని ఏమిటి, జీతం ఎవరు ఇస్తారు, తాగాలనిపించిన రాత్రి ఎవరికి ఫోను చేస్తాడు, అవన్నీ ఉండాలి. హైదరాబాద్‌లో ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు జరుగుతాయి. అక్కడి సభ్యులెవరైనా ఆయనతో ఉత్తరాలు నడిపితే ఎంతో బలం.

బోర్డు ఒప్పుకున్నా, హత్య కేసు కాబట్టి గవర్నరు చూస్తాడు, ముప్పై రోజుల్లో కాదనవచ్చు. 1988 నుంచి ఆ అధికారం ఉంది. అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి. బోర్డు ఒప్పుకున్న రోజే వస్తున్నాడని అనుకుంటారు.


తెనాలి అక్క
2025 జూలై 20

ఈ ఆదివారం అమ్మతో గంటసేపు మాట్లాడాను. ఫెడరల్ కోర్టులో వేయడం లేదని చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. "ఆ పిల్ల ఏమందో నాకు చదివి వినిపించు" అంది. ఆరు పేజీలూ తెలుగులో చెప్పాను. అమ్మ మధ్యలో ఒక్కసారి కూడా ఆపమనలేదు.

మా ఇల్లు రైల్వే స్టేషనుకు నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. బాబాయి కొడుకుకు అదే వీధిలో ఎరువుల దుకాణం ఉంది, లెక్కలు చూసే పని ఇస్తానని రాసి ఇస్తానన్నాడు. వాడు ఇక ఎప్పటికీ బండి నడపనక్కర్లేని చోటు అని ప్రణాళికలో రాస్తున్నాను.

అమ్మ బోర్డుకు తెలుగులో ఉత్తరం రాసింది, ఫోటో తీసి పంపింది. దాన్ని ఇంగ్లిషులోకి నేనే మార్చవచ్చా? మొదటి వాక్యమే 'మా అబ్బాయి చేత ఘోరమైన తప్పు జరిగింది' అని ఉంది. మార్చమని అమ్మకు చెప్పాలా?


శాక్రమెంటో ఫైళ్లు
2025 జూలై 20

మీరు కాకుండా, రెండు భాషలూ బాగా వచ్చిన బయటి మనిషిచేత చేయించండి. సరిగ్గా అనువదించానని కింద వారి సంతకం, తేదీ ఉండాలి. అమ్మగారి చేతిరాత ప్రతిని కూడా జతచేయండి.

ఆవిడ మాట మార్చకండి. అది తల్లి మాట, తల్లి అలాగే అంటుంది. మార్చుకోవాల్సిన వాక్యం మీ తమ్ముడిది. లాయరును కలిశాక తేదీలు ఇక్కడ రాయండి, సెప్టెంబరు 18 లెక్క ఇంకోసారి చూద్దాం.